కొండదారిలో సైకిలు తొక్కవచ్చా?

"డాక్టరు గారూ, మీరే వద్దని చెప్పండి. మీ మాటయితే వింటారు" అన్నారు ఆవిడ, ఇంకా కుర్చీలో కూర్చోకుండానే.

ఆవిడ వెనకాలే నవ్వుకుంటూ వచ్చిన మాస్టారికి 63 ఏళ్ళు. మూడేళ్ళ క్రితం గుండె రక్తనాళంలో స్టెంటు వేశారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ ఆరేడు మైళ్ళు సైకిలు మీద బడికి వెళ్ళి వచ్చిన మనిషి. కొడుకు ఇంగ్లండులో ఉన్నాడు. వేసవికి తల్లిదండ్రులను పిలిపించుకుంటూ, డెర్బీషైరు కొండల్లో రెండు రోజులు సైకిళ్ళ మీద తిరుగుదామని రాశాడట. ఫోటోలు కూడా పంపాడు. చుట్టూ పచ్చటి కొండలు, లోయ మీద ఎత్తయిన రాతి వంతెన. ఆ ఫోటో చూసిన దగ్గర్నుంచి ఆవిడకు నిద్ర లేదు. "మెట్లెక్కితేనే ఆయాసపడే మనిషి, కొండమీద సైకిలేమిటండీ?" అన్నది ఆవిడ ప్రశ్న.

ఈ ప్రశ్న ఆవిడ ఒక్కరిదే కాదు. మన ఊళ్ళలో ఇవాళ వీధికొక ఇంట్లో పిల్లలు విదేశాల్లో ఉన్నారు. అరవై దాటిన తల్లిదండ్రులు వేసవి సెలవులకు వెళ్ళి వస్తున్నారు. వెళ్ళేవారిలో చక్కెర వ్యాధి, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పులు లేనివారు తక్కువ. అక్కడికి వెళ్ళాక పిల్లలు ఉత్సాహంతో అది చూద్దాం, ఇది ఎక్కుదాం అంటారు. కాదంటే పిల్లలు చిన్నబుచ్చుకుంటారు, అవునంటే ఏమవుతుందో తెలియదు. మాస్టారికి నేను వెళ్ళమనే చెప్పాను. కాని ఊరికే చెప్పలేదు. ఆ దారుల్లో ఒకదాని మీద 2017లో నేను స్వయంగా ఒక పాఠం నేర్చుకుని వచ్చాను.

కొండలున్నాయి, కొండెక్కే పని లేదు

మాంచెస్టరుకూ షెఫీల్డుకూ మధ్య ఉన్న కొండ ప్రాంతాన్ని పీక్ డిస్ట్రిక్ట్ అంటారు. 1951లో బ్రిటనులో మొట్టమొదటగా ఏర్పడిన జాతీయ ఉద్యానవనం ఇదే. దక్షిణ భాగమంతా సున్నపురాయి నేల. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన గోడలు, గొర్రెల మందలు, లోతైన లోయలు. అక్కడి మామూలు రోడ్లు మన ఘాట్ రోడ్లకేమీ తీసిపోవు. కుర్రవాళ్ళు కూడా దిగి నెట్టుకుంటూ పోవలసిన చోట్లు చాలా ఉన్నాయి.

కాని ఆ కొండల్లోనే ఒకప్పుడు రైళ్ళు నడిచాయి. 1950, 60లలో బ్రిటనులో గిట్టుబాటు కాని రైలుమార్గాలను వందలకొద్దీ మూసేశారు. 1963లో వచ్చిన బీచింగ్ నివేదిక తరువాత ఆ పని మరీ జోరందుకుంది. పట్టాలు పీకేసిన కట్టలు ఖాళీగా మిగిలాయి. స్థానిక ప్రభుత్వాలు వాటిని కొని, మెత్తగా రాతిపొడి పరిచి, నడిచేవారికీ సైకిళ్ళకూ గుర్రాలకూ వదిలేశాయి. మోటారు బండ్లకు ప్రవేశం లేదు. ఆష్‌బర్న్ నుంచి పార్స్లీ హే దాకా 13 మైళ్ళ టిస్సింగ్టన్ ట్రెయిల్ 1971లో మొదలైంది. బేక్‌వెల్ పట్టణం పక్కనుంచి పోయే మాన్సల్ ట్రెయిల్ ఎనిమిదిన్నర మైళ్ళు. 1968లో రైలు ఆగిపోయాక చాలాకాలం దాని సొరంగాలు మూసే ఉంచారు. 2011లో దీపాలు పెట్టి తెరిచారు. మాస్టారి కొడుకు పంపిన ఫోటోలోని వంతెన ఈ దారిదే. 1860లలో కట్టిన ఆ వంతెన అందమైన లోయను పాడుచేసిందని రస్కిన్ వంటి పెద్దలు మండిపడ్డారు. ఇప్పుడు ఆ వంతెనను చూడటానికే చాలామంది వస్తారు. అది వేరే సంగతి.

వైద్యుడికి ఇక్కడ కావలసింది వాలు. విశాఖపట్నం నుంచి అరకు రైలులో వెళ్ళినవారికి ఈ సంగతి అనుభవమే. బస్సు మలుపు మలుపుకూ మూలుగుతూ ఎక్కుతుంది. రైలు మాత్రం చుట్టూ తిరిగి, సొరంగాల్లో దూరి, మనకు తెలియకుండానే మనల్ని కొండమీద దింపుతుంది. ఇనుప చక్రం ఇనుప పట్టా మీద జారుతుంది గనుక రైలుదారికి నిటారు వాలు పనికిరాదు. టిస్సింగ్టన్ దారిలో బాగా ఏటవాలుగా ఉన్న చోట కూడా సుమారు 60 అడుగులు ముందుకు పోతే ఒక్క అడుగు ఎక్కుతాం.

దీన్ని గుండె వైపు నుంచి చూడండి. మనిషి, సైకిలు కలిసి 85 కిలోలు అనుకుందాం. 60కి 1 వాలులో ఒక కిలోమీటరు పోతే ఆ బరువును సుమారు 17 మీటర్లు పైకి ఎత్తినట్టు. అంటే ఐదారంతస్తుల మేడ. 10కి 1 వాలున్న రోడ్డు మీద అదే కిలోమీటరుకు 100 మీటర్లు, ముప్పై అంతస్తుల పైమాటే. నిదానంగా తొక్కితే మొదటిది చురుకైన నడకతో సమానం. రెండోది గుండెకు పరీక్ష. "కొండల్లో సైకిలు" అనే రెండు మాటలు విని అవునని గాని కాదని గాని చెప్పే వైద్యుడు సగమే విన్నాడన్నమాట. ఏ దారి, ఎంత వాలు, ఎటునుంచి ఎటు అని అడగాలి.

ఆ చివరి ప్రశ్న నేను అడగలేదు. అందుకే మా బావగారి కథ చెప్పవలసి వస్తోంది.

ఎత్తున మొదలుపెట్టిన పొరపాటు

మా మేనల్లుడు డెర్బీలో ఉద్యోగం చేస్తాడు. 2017 జూన్‌లో మా అక్కయ్య, బావగారితో పాటు నేనూ వెళ్ళాను. బావగారికి అప్పుడు 61. పన్నెండేళ్ళుగా చక్కెర వ్యాధి ఉంది. గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ మాత్రలు వాడతారు. రక్తపుపోటుకు అటెనలాల్. ఇంట్లో డాక్టరున్నాడు గనుక ఎవరికీ భయం లేదు.

కారులో పార్స్లీ హే వెళ్ళి అక్కడ అద్దె సైకిళ్ళు తీసుకున్నాం. బావగారికీ నాకూ చెరొకటి. అక్కయ్యకు సైకిలు రాదు గనుక మేనల్లుడు ఇద్దరు తొక్కే జంట సైకిలు తీసుకుని వాళ్ళమ్మను వెనక సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. పార్స్లీ హే ఆ దారికి ఎగువ కొస. అక్కడినుంచి ఆష్‌బర్న్ వైపు పోతే దారంతా మెల్లగా దిగుతుంది. ఆ దిగుడు కంటికి కనిపించదు. చదునైన నేలమీదే పోతున్నామనుకుంటాం. కాళ్ళు ఆడించకపోయినా సైకిలు పోతూనే ఉంటుంది. "అరవై ఏళ్ళకు కాళ్ళలో బలం తిరిగొచ్చిందిరా!" అని బావగారు ఒకటే సంబరం. అలా సుమారు 9 మైళ్ళు పోయి టిస్సింగ్టన్ ఊళ్ళో ఆగాం. ఆయన పొద్దున ఏడింటికి రెండు రొట్టె ముక్కలు తిని పూర్తి మాత్ర వేసుకున్నారు. అక్కడి దుకాణంలో కోడిగుడ్డు లేనిదేదో తేల్చుకోలేక టీ తాగి సరిపెట్టారు. నేను చూశాను. ఏమీ అనలేదు.

తిరుగు ప్రయాణంలో దారి మెల్లగా ఎక్కుతుంది. ఎదురుగాలి. రెండో మైలులో బావగారు వెనకబడ్డారు. తరువాత మేనల్లుడి మీద విసుక్కున్నారు, ఇంత దూరం ఎవడు తెమ్మన్నాడని. ఆయన కోపిష్టి కాదు. అలిసిపోయారు కాబోలనుకున్నాను. ఇంకాసేపటికి సైకిలు దిగి, హేండిలు పట్టుకునే "నా సైకిలేదీ?" అన్నారు. నేను నవ్వాను, వేళాకోళమనుకుని.

"తమ్ముడూ, నవ్వుతావేమిరా! ఇంత చలిగాలిలో ఆయన చొక్కా తడిసిపోయింది చూడు" అన్నది అక్కయ్య. ప్రయాణంలో ఎప్పుడూ సంచిలో ఉంచుకునే పటికబెల్లం తీసి నోట్లో పెట్టింది. పావుగంటలో ఆయన మళ్ళీ మామూలు మనిషయ్యారు. జరిగిందేదీ ఆయనకు సరిగా గుర్తు లేదు. రక్తంలో చక్కెర కొలిచే మీటరు కారులో పెట్టి వచ్చినవాణ్ణి నేను. ముప్పై ఏళ్ళుగా ఆసుపత్రిలో ఈ లక్షణాలు విద్యార్థులకు చెప్పినవాణ్ణి కూడా నేనే.

ముగ్గురం నడుచుకుంటూ ఆల్సప్ అనే పాత స్టేషను స్థలం చేరాం. అక్కడ కార్లు ఆపుకునే చోటుంది. మేనల్లుడు ఒక్కడే ఆ జంట సైకిలు తొక్కుకుంటూ పార్స్లీ హే వెళ్ళి కారు తెచ్చాడు. వెనక సీటు ఖాళీగా ఆ సైకిలు పోతుంటే ఎదురొచ్చినవాళ్ళంతా ఏదో ఒకటి అన్నారట. మాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆనాటి పొరపాట్లు విడదీసి చూస్తే ఒకటి కాదు. అయితే అన్నిటికీ మూలం దారిని ఎగువ కొసనుంచి మొదలుపెట్టడం. దిగేటప్పుడు శ్రమ తెలియదు గనుక ఎంతదూరమైనా పోవచ్చుననిపిస్తుంది. వెనక్కి రావలసిన దూరం మాత్రం అలసిన కాళ్ళతో, ఖాళీ కడుపుతో ఎక్కాలి. కాబట్టి దిగువ కొసనుంచి బయలుదేరండి. టిస్సింగ్టన్ దారికి దిగువ కొస ఆష్‌బర్న్, మాన్సల్ దారికి బేక్‌వెల్. ఎక్కడం ముందు పెట్టుకుంటే ఒంట్లో ఉన్న శక్తి ఎంతో మొదటి మైలులోనే తెలుస్తుంది. చాలనిపించినప్పుడు వెనక్కి తిరిగితే సైకిలే ఇంటికి తెస్తుంది. ఆష్‌బర్న్ దగ్గర మాత్రం ఒకచోట పాత రైలు వంతెన లేనందువల్ల దారి ఒక్కసారిగా వాగులోకి దిగి మళ్ళీ ఎక్కుతుంది. అక్కడ దిగి నడవండి.

ఇంకో హెచ్చరిక. అదే ప్రాంతంలో హై పీక్ ట్రెయిల్ అని 17 మైళ్ళ దారి ఉంది. అదీ పాత రైలుదారే కదా అని నమ్మకండి. 1830, 31లలో తెరిచిన రైలుదారి అది. రైళ్ళకు ఇంకా బాల్యదశ. తూర్పు భాగంలో 8కి 1 వాలున్న చోట్లు ఉన్నాయి. అక్కడ పెట్టెలను ఇంజను లాగేది కాదు, కొండమీద ఆవిరి యంత్రం పెట్టి తాళ్ళతో పైకి ఈడ్చేవారు. మిడిల్టన్ టాప్‌లో 1829 నాటి ఆ యంత్రశాల ఇప్పటికీ ఉంది, చూడదగినదే. సైకిలు దిగి చూడండి. ఆ వాలులో ఎక్కడం గుండెకూ, దిగడం బ్రేకులకూ మంచిది కాదు. పార్స్లీ హే వైపున్న భాగం మెత్తగానే ఉంటుంది.

చక్కెర వ్యాధి ఉన్నవారికి

తొక్కేటప్పుడు కాలి కండరాలు రక్తంలోని చక్కెరను ఇన్సులిన్ సాయం అంతగా లేకుండానే లాక్కుంటాయి. వ్యాయామం మంచిదనడానికి కారణం ఇదే. ఇన్సులిన్ తీసుకునేవారికీ, గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వేసుకునేవారికీ ప్రమాదం కూడా ఇదే. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ భయం చాలా తక్కువ. మీ మాత్ర ఏ రకమో మందుల చీటీ చూపించి అడిగి తెలుసుకోండి. తొక్కబోయే రోజు మోతాదు తగ్గించాలా వద్దా అన్నది మీ డాక్టరు తేల్చాలి. పక్కింటాయన కాదు.

బయలుదేరే ముందు మీటరుతో చూసుకోండి. ఈ మందులు వాడేవారికి 100 కంటే తక్కువుంటే ఏదైనా తిన్న తరువాతే సైకిలెక్కాలి. తొక్కేటప్పుడు గంటకొకసారి ఆగి అరటిపండో, నాలుగు బిస్కెట్లో తినండి. మన శాకాహారులు అక్కడ ఏదో ఒకటి దొరుకుతుందిలే అనుకోకూడదు, ఇంటినుంచే పట్టుకెళ్ళాలి. ఇన్సులిన్ ఆరోజు తొడలో కాకుండా పొట్ట దగ్గర పొడుచుకోండి. తొక్కే తొడలోనుంచి అది త్వరగా రక్తంలోకి ఎక్కుతుంది.

చక్కెర పడిపోతే మామూలుగా గుండె దడ, చేతులు వణుకు ముందు వస్తాయి. మా బావగారికి అవి రాలేదు. అటెనలాల్, మెటోప్రొలాల్ జాతి మందులు ఆ రెంటినీ కప్పిపెడతాయి. చెమటను మాత్రం కప్పలేవు. చలిలో చెమట, అకారణంగా చిరాకు, తికమక మాటలు కనిపించాయంటే ఆలోచించకుండా మూడు చెంచాల చక్కెరో, గ్లూకోజో నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. కాస్త తేరుకోగానే రొట్టె, అన్నం వంటిదేదైనా పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏదీ పోయకూడదు, వెంటనే అంబులెన్సును పిలవాలి. అక్కడ నంబరు 999. ఎక్కువ శ్రమ చేసిన రోజు రాత్రి నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. ఆ రాత్రి పన్నెండింటికి బావగారిని లేపి చూస్తే 74 ఉంది. పాలు, రొట్టె ఇచ్చి పడుకోబెట్టాం.

కంటిలో రెటీనా దెబ్బతిన్నదని చెప్పినవారు కంటి డాక్టరు అనుమతి తీసుకోవాలి. పాదాలు మొద్దుబారినవారు వదులుగా లేని, వేళ్ళు ఒరుసుకోని బూట్లు వేసుకుని, సాయంత్రం అరికాళ్ళు చూసుకోవాలి.

గుండె జబ్బు ఉన్నవారికి

మాస్టారికి ముందుగా ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించాను. అందులో ఏ దోషమూ కనిపించలేదు గనుకనే సరేనన్నాను. ఈ మధ్య గుండెపోటు వచ్చినవారు, కదలకుండా కూర్చున్నా నొప్పి వచ్చేవారు, కాళ్ళు వాచేవారు ఇలాంటివి పెట్టుకోకూడదు. మిగిలినవారు వెళ్ళడానికి ఆరు వారాల ముందునుంచీ ఇక్కడే సాధన చేయాలి. తెల్లవారుజామున బండ్లు తిరగకముందు, చదునైన వీధిలోనో కాలువ గట్టు మీదో, మొదట పది నిమిషాలు, వారం వారం అయిదేసి నిమిషాలు పెంచుతూ. ఏడాదంతా కుర్చీలో కూర్చుని విమానం దిగిన మర్నాడు పది మైళ్ళు తొక్కేవాడికి ఏ దారైనా నిటారే.

తొక్కేటప్పుడు నాడి చూసుకోమని కొందరు చెబుతారు. బావగారు వాడే మాత్రల్లాంటివి వేసుకునేవారికి నాడి ఎలాగూ పెద్దగా పెరగదు, ఆ లెక్క తప్పుతుంది. మాట్లాడుతూ తొక్కండి. మాట తడబడకుండా వస్తున్నంతసేపూ శ్రమ సరిగా ఉన్నట్టే. నాలుగు మాటలకు ఒకసారి ఊపిరి తీసుకోవలసి వస్తే దిగిపోండి. ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి వస్తే ఆగి కూర్చుని, డాక్టరు ఇచ్చిన నాలుక కింది మాత్ర పెట్టుకోవాలి. ఆ మాత్ర చొక్కా జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు. అయిదు నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 999.

చలిగాలి తగిలినప్పుడు రక్తనాళాలు ముడుచుకుంటాయి. జూన్‌లో కూడా అక్కడి కొండగాలి మన జనవరి తెల్లవారుజాములా ఉంటుంది. సొరంగాల్లో మరీ చలి. పలచటి బట్టలు రెండు మూడు పొరలుగా వేసుకుని, కావలసినప్పుడు తీస్తూ వేస్తూ ఉండాలి. ఎండలోనుంచి సొరంగంలోకి దూరినప్పుడు పెద్దవయసు కళ్ళకు చీకటి అలవాటు కావడానికి సమయం పడుతుంది. శుక్లాలున్నవారికి ఇంకా ఎక్కువ. గుమ్మం దగ్గర ఆగి, బెల్లు కొట్టి, నిదానంగా వెళ్ళండి. లోపల నడిచేవారూ చంటిపిల్లల బండ్లూ ఉంటాయి.

మోకాళ్ళకు నడక కంటే సైకిలే మెరుగు, ఒంటి బరువు సీటు మోస్తుంది గనుక. కాని మనవాళ్ళు పడతామేమోననే భయంతో సీటు బాగా కిందికి దించుకుంటారు. మోకాలు ముందుభాగంలో నొప్పికి అదే కారణం. పెడలు కిందికి ఉన్నప్పుడు దాని మీద మడమ పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి, అంత ఎత్తు ఉండాలి. గేర్లు చూసి కంగారు పడనక్కరలేదు. కాళ్ళకు బరువు తగలకుండా గిరగిరా తిరిగే గేరులోనే ఉంచండి. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కితే అరచేతి మీద బరువు ఎక్కువ పడుతోందని అర్థం, పట్టు మార్చుకోండి. బొత్తిగా శక్తి చాలనివారికి కరెంటు మోటారు సాయం చేసే సైకిళ్ళు, మూడు చక్రాల సైకిళ్ళు కూడా అద్దెకిస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు.

ప్రయాణానికి బీమా చేయించేటప్పుడు ఉన్న జబ్బులన్నీ దాచకుండా రాయండి. బ్రిటనులో అత్యవసర విభాగంలో చూసినందుకు డబ్బు తీసుకోరు గాని, సందర్శకులను ఆసుపత్రిలో చేర్చుకుంటే బిల్లు వేస్తారు. అది మామూలు బిల్లు కాదు.

మాస్టారు దంపతులు ఆగస్టులో తిరిగివచ్చి, మందుల చీటీ కోసం మళ్ళీ నా దగ్గరికి వచ్చారు. బేక్‌వెల్‌లో బయలుదేరి, మొదటి సొరంగం దాటి, ఫోటోలోని వంతెన దాకా వెళ్ళి, అక్కడే తెచ్చుకున్న పులిహోర తిని వెనక్కి తిరిగారట. మొత్తం ఎనిమిది మైళ్ళ లోపే. "సొరంగం పొడుగునా బెల్లు కొడుతూనే ఉన్నారండీ, బళ్ళో చివరి గంట కొట్టినట్టు" అన్నారు ఆవిడ. ఆవిడ మూడు చక్రాల సైకిలు తొక్కారట. ఆ సంగతి మాస్టారు చెప్పారు.